ముక్కులో వాసన గ్రాహకాలు చెల్లాచెదురుగా ఎందుకున్నాయి?

ప్రశ్న: ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాను. ఎలుక ముక్కు పొరలో ఒకే రకం గ్రాహకం (వాసన అణువుని పట్టుకునే ప్రోటీన్) ఉన్న కణాలకు రంగు పట్టించిన ఫొటో చూశాను. అవి గుంపుగా లేవు, ఎక్కడెక్కడో చుక్కల్లా ఉన్నాయి. మరి మల్లెకీ ఇంగువకీ తేడా మెదడుకి ఎలా తెలుస్తుంది? రేపే సెమినార్, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: సరిగ్గానే చూశారండీ. ఈ గ్రాహకాల్ని తయారుచేసే జన్యువుల్ని లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో బయటపెట్టారు. ఎలుకలో సుమారు వెయ్యి, మనలో 400 దాకా పనిచేస్తాయి. ఒక్కో కణం వాటిలో ఒక్కదాన్నే వాడుతుంది. ఒక్కో రకానికి పొరలో ఒక పట్టీ ఉంటుంది, ఆ పట్టీలో మాత్రం ఆవాలు చల్లినట్టే.

జవాబు 2: అసలు అమరిక ఆ కణాల నుంచి మెదడుకి వెళ్లే నాడీ తీగల్లో ఉందమ్మా. ఒకే గ్రాహకం ఉన్న వేల కణాల తీగలు మెదడు ముందుభాగంలో వాసన కబురు అందుకునే ఘ్రాణ బల్బుకి వెళ్లి, ఒక్కో బల్బులో సాధారణంగా రెండే గ్లోమెరులస్‌లలో (తీగలు కలిసే చిన్న గుండ్రటి ముడుల్లో) కలుస్తాయి. పాత కణం పోయి కొత్తది పుట్టినా, దాని తీగ మళ్లీ ఆ చోటికే చేరుతుంది! ఏళ్లుగా ఈ పాఠం చెబుతున్నా, ఇక్కడికి రాగానే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ప్రశ్న అడిగినవారు: అంటే మల్లెకి ఒక గ్లోమెరులస్సా మేడమ్?

జవాబు 2: కాదమ్మా. మల్లె వాసనలో చాలా అణువులుంటాయి, ఒక్కో అణువు చాలా గ్రాహకాల్ని కదిలిస్తుంది. ఏయే గ్లోమెరులస్‌లు కలిసి వెలిగాయన్నదే మెదడు చదువుకుంటుంది. సెమినార్‌లో ముందు ఆ ఫొటోనే చూపించు.