పనితీరు ఆడిట్ వస్తే మన మురుగు కాలువ బాగుపడుతుందా?

ఉండి రైతు:
మా మురుగు కాలువ మీద గుర్రపుడెక్క ఎంత దట్టంగా పట్టిందంటే కొంగలు దాని మీదే నడిచి అవతలి గట్టుకు పోతున్నాయి. పక్కనే పూడిక తీశామని బోర్డు. గట్టి వాన పడితే సార్వా నాట్లు మూడేసి రోజులు ముంపులోనే. ఇలాంటి పనుల మీద కాగ్, అంటే ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే రాజ్యాంగ సంస్థ, పనితీరు ఆడిట్ చేయాలంటాను. బిల్లులు సరిపోయాయా అని కాదు, మురుగు లాగిందా లేదా అని చూసే ఆడిట్. ఏమంటారు?

పాత గుమాస్తా:
లాభం లేదండి. ముప్పై ఏళ్లు ఓ ఆఫీసులో ఆడిట్ పేరాలకు, అంటే ఆడిటర్ల అభ్యంతరాలకు, జవాబులు రాశాను. పేరా పడిందంటే కాలువ బాగుచేయాలని ఎవరూ అనుకోరు, పేరా ఎలా డ్రాప్ చేయించుకోవాలా అనే చూస్తారు. కాగ్ నివేదిక 151వ అధికరణ ప్రకారం గవర్నరుకు, అక్కణ్ణుంచి శాసనసభకు వెళ్తుంది. చాలాసార్లు సమావేశాల ఆఖరి రోజున పెడతారు. మర్నాడు పేపర్లో వార్త, ఆ తర్వాత పీఏసీ, అంటే శాసనసభ ప్రజా పద్దుల కమిటీ. ఎవరినీ శిక్షించే అధికారం కాగ్‌కు లేదు.

కోనసీమ కోడలు:
శిక్ష సంగతి తర్వాత, మాస్టారూ. మాది కాలువ చివరి ఊరు. వేసవిలో కాలువలు కట్టేసేలోపు మంచినీళ్ల చెరువు నింపుకోవాలి, మా దాకా వచ్చేసరికి సగం కూడా నిండదు. మే నెలలో కుళాయి తిప్పితే డికాక్షన్ రంగు నీళ్లు. మామూలు ఆడిట్‌కి కుళాయి బిగించిన బిల్లు ఉంటే చాలు. పనితీరు ఆడిట్‌లో కొన్ని ఊళ్లను శాంపిల్‌గా తీసుకుని, శాఖ వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి చూడొచ్చు. ఇద్దరూ కలిసి చూసి సంతకం పెట్టింది తర్వాత కాదనడం కష్టం. ఉపాధి హామీ సామాజిక తనిఖీలోలా ఆ నివేదికను ఊళ్లో చదివి వినిపిస్తే ఇంకా మంచిది.

చెరువు గట్టు:
చివరికి అంతా చేపల, రొయ్యల చెరువుల మీదకే తోస్తారు, రాసిపెట్టుకోండి. కొల్లేరు చూడలేదా? 1999లో అయిదో కాంటూరు (సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) దాకా, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు. 2005-06లో చెరువుల గట్లు కొట్టేశారు. మళ్లీ చెరువులు లేచాయి. మధ్యలో శాఖలేం చేశాయో అడిగేవాడు లేడు, దొంగ మాత్రం రైతే. భీమవరం పట్నం మురుగు యనమదుర్రు డ్రెయిన్‌లోకి పోవట్లేదా? అసలు ఎన్ని చెరువులుండాలో ఆడిటే తేల్చాలి.

ఉండి రైతు:
అది ఆడిట్ తేల్చేది కాదండి. విధానం ప్రభుత్వం ఇష్టం, దాని అమలు వరకే కాగ్ అడుగుతుంది. చెరువు తవ్వాలంటే జిల్లా కమిటీ అనుమతి కావాలని రాసుకున్నారు కదా, అనుమతి లేనివాటిని ఏం చేశారు? డ్రెయిన్‌లోకి వదిలే నీళ్లను ఎవరు, ఎన్నిసార్లు పరీక్ష చేశారు? శాఖలేం చేశాయని మీరడిగిందీ అదే. పట్నం మురుగూ ఆ లెక్కలోకే వస్తుంది. గుమాస్తా గారికి మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు.

పాత గుమాస్తా:
ఒకటి ఒప్పుకుంటానండి. బిల్లులు చూసే ఆడిట్‌కి మేం టీ తాగుతూ జవాబులు రాసేవాళ్లం. కాలువ చూస్తామని ఎవరైనా అంటే మాత్రం నిజంగా టెన్షనే. ముందు రోజే కూలీలను పెట్టి, వంతెన మీద నిలబడితే కనిపించే మేర తూడు తీయించేవాళ్లం. మీ ఊరికి వాళ్లొస్తే వంతెన దగ్గర ఆగనివ్వకండి. గట్టెంట ఓ కిలోమీటరు నడిపించండి.