దిగుడు కోర్సులో వచ్చిన టైమ్‌ని సొంత రికార్డు అనొచ్చా?

సాయంత్రం_పరుగు:
ఆరేళ్ళుగా పరుగెత్తుతున్నాను. చదునైన రోడ్డు మీద నా బెస్ట్ మారథాన్ 4 గంటల 12 నిమిషాలు. పోయిన నెల కొండ మీద మొదలై కింద ముగిసే కోర్సులో (అంటే రేసు దారిలో) 3:51 వచ్చింది. మొత్తం దిగుడు 850 మీటర్లు. ఇంట్లో అందరికీ చెప్పుకున్నాను, మెడల్ గోడకి తగిలించాను. మా రన్నింగ్ గ్రూపులో ఒకాయన "అది మారథానా, జారుడుబల్లా?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం ఆ మాట గుచ్చుకుంటూనే ఉంది. ఇంకోటి, ట్రైల్ మీద, అంటే కొండల్లో మట్టి బాట మీద, 30 కిలోమీటర్లకి నాకు 5:20 పట్టింది. మరి అదేమో నా చెత్త రికార్డా? మనలాంటి సరదా రన్నర్లకి ఏ కోర్సులో వచ్చిన టైమ్ లెక్కలోకి వస్తుంది?

నలభైరెండు:
మీ కష్టాన్ని తక్కువ చేయడం లేదండి. కానీ నీరు పల్లమెరుగు. మీ మారథాన్ టైమ్ 4:12, అంతే. ప్రపంచ రికార్డుకి రోడ్డు కోర్సు కిలోమీటరుకి సగటున ఒక మీటరు కన్నా ఎక్కువ దిగకూడదు. అంటే మారథాన్ మొత్తానికి 42 మీటర్లు. మొదలుకీ చివరకీ మధ్య తిన్నటి దూరం కూడా పందెం దూరంలో సగానికి మించకూడదు, లేకపోతే దారి పొడుగునా వెనకగాలి తోస్తుంది. అమెరికాలోని బోస్టన్ మారథాన్ కోర్సు దాదాపు 140 మీటర్లు దిగుతుంది, పైగా ఒక ఊళ్ళో మొదలై ఇంకో ఊళ్ళో ముగుస్తుంది. 2011లో కెన్యా రన్నర్ జెఫ్రీ ముతాయ్ అక్కడ 2:03:02లో పరుగెత్తాడు. అప్పటి ప్రపంచ రికార్డు 2:03:59. అయినా రికార్డుగా ఒప్పుకోలేదు. ఆయనకి 140 మీటర్లకే లేనిది మీకు 850కి ఎలా ఇస్తాం?

బురద_బూట్లు:
ఎవరిస్తున్నారు, ఎవరడిగారు సార్? ఆయన ప్రపంచ రికార్డు అనలేదు, నా రికార్డు అన్నాడు. ముతాయ్ టైమ్‌ని కూడా ఎవరూ చెరిపేయలేదు. బోస్టన్ ఫలితాల్లో అది అలాగే ఉంది. "నేను ఈ కోర్సులో ఇంత" అని చెప్పుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ట్రైల్ వాళ్ళకి ఈ గొడవే లేదు. 30 కిలోమీటర్లంటే వెంటనే వచ్చే ప్రశ్న "ఎక్కుడు ఎంత?" అనే. ప్రతి 100 మీటర్ల ఎక్కుడికీ ఒక కిలోమీటరు కలుపుకునే లెక్క ఒకటి ఉంది. అంతర్జాతీయ ట్రైల్ రన్నింగ్ సంఘం రేసుల్ని వర్గాలుగా విడదీయడానికి అదే వాడుతుంది. మీ 30 కిలోమీటర్లలో ఎక్కుడు 1,800 మీటర్లు ఉందనుకోండి, అది 48 కిలోమీటర్ల శ్రమ. 5:20కి సిగ్గుపడాల్సిందేం లేదు. ఆ లెక్కలోకి రాళ్ళూ, వేర్లూ, చీలమండ దాకా దిగబడే బురదా రావు. ఒకే కొండ ఎండాకాలంలో ఒక రేసు, వాన పడ్డ మర్నాడు ఇంకో రేసు.

నలభైరెండు:
అందుకే కదా ట్రైల్ టైమ్‌లని ఎవరూ పోల్చుకోరు. మారథాన్ అనే మాటకి విలువ ఎక్కడ పరుగెత్తినా అది 42.195 కిలోమీటర్లు కావడం వల్లే వచ్చింది. దాన్ని కొండ మీంచి కిందికి దొర్లిస్తే ఆ పోలిక పోతుంది.

కొలత_టేపు:
దూరం మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తాను, మారథాన్ కోర్సు కొలిచేవాళ్ళతో కొన్నాళ్ళు తిరిగాను. కొలిచేది సైకిల్‌తో. ముందు చక్రానికి చిన్న కౌంటర్ బిగిస్తారు, చక్రం ఎంత తిరిగిందో అది లెక్కపెడుతుంది. పొడవు తెలిసిన తిన్నటి గీత మీద ముందు నాలుగుసార్లు తొక్కి కిలోమీటరుకి ఎన్ని అంకెలో తేల్చుకుంటారు. పని అయ్యాక మళ్ళీ తొక్కుతారు, ఎందుకంటే ఎండ ఎక్కేకొద్దీ టైరులో గాలి మారి లెక్క జరుగుతుంది. మలుపుల్లో రోడ్డు అంచుకి 30 సెంటీమీటర్ల దూరంలో, ఎంత దగ్గరి దారి వీలైతే అంత దగ్గరి దారిలో తొక్కాలి. ఆఖర్న వెయ్యికి ఒకటి చొప్పున, అంటే 42 మీటర్లు, కొలతలో పొరపాటున్నా దూరం తగ్గకుండా కలుపుతారు.

మనమేమో మలుపు బయట అంచున, నీళ్ళ టేబుల్ వైపు అడ్డంగా పోతూ పరుగెత్తుతాం. అందుకే వాచీలో 42.7 కనిపిస్తుంది. రేసు అయిన సాయంత్రం "కోర్సు తప్పు కొలిచారు" అని పోస్టు పెట్టేవాళ్ళని చూస్తే, ఆడలేక మద్దెల ఓడు అన్న మాట గుర్తొస్తుంది. చెప్పొచ్చేదేంటంటే, అంత చదునైన కోర్సులో కూడా ఏ ఇద్దరూ ఒకే దూరం పరుగెత్తరు.

మోకాలు_చెప్పింది:
దిగుడంటే సుఖమని అనుకునేవాళ్ళు అది ఒక్కసారి పూర్తి చేసి రండి. నేను అలాంటిదే ఒకటి చేశాను. మొదటి 25 కిలోమీటర్లు ఎవరో వెనకనుంచి తోస్తున్నట్టే ఉంది. పేస్ చూసుకుని మురిసిపోయాను. 31 దగ్గర తొడల ముందు కండరాలు వణకడం మొదలైంది. వాలు మీద ప్రతి అడుగుకీ ఆ కండరం సాగుతూనే బిగుసుకుని ఒంటి బరువుని ఆపాలి, బ్రేకు పని అన్నమాట. ఊపిరి బాగానే ఉంది, కాళ్ళే మాట వినలేదు. చివరి 4 కిలోమీటర్లు చదును. ఆ చదునులోనే నడిచాను! మర్నాటికంటే రెండో రోజు నొప్పి ఎక్కువ. మెట్లు వెనక్కి తిరిగి, కమ్మీ పట్టుకుని దిగాను. బూటు ముందుకి జారి రెండు బొటనవేళ్ళ గోళ్ళూ నల్లబడ్డాయి. వాలులో శక్తి తక్కువ ఖర్చవుతుందన్నది నిజమే. దానికి బదులు కాళ్ళు నలుగుతాయి.

ఇలాంటి రేసుకి వెళ్ళేవాళ్ళు కొన్ని వారాల ముందు నుంచే వాలు మీద కొంచెం కొంచెం పరుగెత్తండి. ఒకసారి నొప్పి తిన్న కండరం రెండోసారికి తట్టుకుంటుంది. లేసులు మడమ పట్టు జారకుండా పైదాకా బిగించండి.

కొలత_టేపు:
మూల ప్రశ్నకి ఒక అంకె దొరికింది. బోస్టన్‌లో చోటు కావాలంటే ముందు వేరే మారథాన్‌లో అర్హత టైమ్ తెచ్చుకోవాలి. 2027 రేసు నుంచి వాళ్ళు దిగుడు కోర్సుల్లో వచ్చిన అర్హత టైమ్‌లకి నిమిషాలు కలుపుతున్నారు. 1,500 నుంచి 2,999 అడుగుల దిగుడుకి 5 నిమిషాలు, 3,000 నుంచి 5,999 అడుగులకి 10 నిమిషాలు, 6,000, ఆపైన అయితే అసలు తీసుకోరు. 850 మీటర్లంటే సుమారు 2,790 అడుగులు. అంటే మీ 3:51కి 5 కలిపితే 3:56. ఆ లెక్కలో కూడా నాలుగు గంటల లోపే!

నలభైరెండు:
అది వాళ్ళ సీట్ల సర్దుబాటు. 850 మీటర్ల దిగుడు విలువ సరిగ్గా 5 నిమిషాలే అని దాన్నిబట్టి చెప్పలేం. పైగా తనే 140 మీటర్లు దిగే కోర్సు వాళ్ళు పెట్టే షరతు ఇది, నవ్వొస్తుంది. బోస్టన్‌కి ఒక మాట ఒప్పుకుంటాను. మొదట్లో దించేసి, తొడలు నలిగాక 26 కిలోమీటర్లు దాటి న్యూటన్ అనే ఊళ్ళో ఎక్కుళ్ళు పెడుతుంది. వాటిలో ఆఖరిదే హార్ట్‌బ్రేక్ హిల్. పొడవు కిలోమీటరు లోపే, లేచేది 27 మీటర్లే. మొదటి కిలోమీటర్లో వస్తే ఎవరూ పట్టించుకోరు. 32 దాటాక వస్తుంది కాబట్టే దానికి అంత భయపడతారు.

బురద_బూట్లు:
మీ వాదనని మీరే నాకు అప్పజెప్పారు! మొత్తం దిగుడు ఎంత అన్న ఒక్క అంకెతో కోర్సు తెలియదు, అది ఎక్కడ వస్తుందో చూడాలి. ఇంకో మాట. బెర్లిన్ మారథాన్ కోర్సు చదును, సెప్టెంబరు చివర్లో, చల్లటి పొద్దున. అక్కడ మంచి టైమ్ తెచ్చుకున్నవాడిని "వాతావరణానికి ఎన్ని నిమిషాలు తీసేద్దాం?" అని ఎవరైనా అడిగారా? ఎండలో పరుగెత్తినవాడికి ఎవరైనా కలిపారా? కొండ కంటికి కనిపిస్తుంది కాబట్టి దాని మీద పడతాం.

నలభైరెండు:
వేడి సంగతి నిజమే. దానికి నా దగ్గర జవాబు లేదు. అయినా నా పుస్తకంలో చదును టైమ్ ఒక పేజీలో, మిగతావి ఇంకో పేజీలో రాసుకుంటాను. సాయంత్రం గారూ, జారుడుబల్ల అన్న ఆ పెద్దమనిషి ఎప్పుడైనా ఆ కోర్సు పరుగెత్తాడా?

సాయంత్రం_పరుగు:
లేదండి. అందరికీ థాంక్స్, మెడల్ గోడ మీదే ఉంటుంది. కింద చిన్న కాగితం అంటించాను: "3:51, దిగుడు 850 మీ." 4:12 పక్కన మాత్రం ఏమీ రాయలేదు, అది చూస్తే నాకే అర్థమవుతుంది. ఆ పెద్దమనిషి నిన్న సాయంత్రం ఫోన్ చేసి లేసులు ఎలా కట్టాలని అడిగాడు. వచ్చే ఏడాది అదే రేసుకి పేరిచ్చాడట.