బ్రోకలీలో తెగులు కనిపించకముందే వారానికోసారి మందు కొట్టడం సబబేనా?

పలమనేరు రైతు:
ఎకరం పొలంలో రెండో ఏడాది బ్రోకలీ వేశాను. నిరుడు మందుల దుకాణంవారు చెప్పిన ప్రకారం, నాటిన పదో రోజు నుంచి ప్రతి వారం కార్బెండజిమ్ పిచికారీ చేస్తూ వచ్చాను. మధ్యలో రెండుసార్లు మాత్రం మాంకోజెబ్ వాడాను. అయినా డిసెంబరు పొగమంచు మొదలవగానే ఆకు పైన పసుపు మచ్చలు, అడుగున తెల్లటి బూజు వచ్చాయి. కోతకు వచ్చిన పువ్వుల్లో కొన్నింటిని చీల్చి చూస్తే కాడ లోపల నల్లటి చారలు కూడా కనిపించాయి. ఈసారి పక్క పొలం పెద్దాయన, మచ్చ కనిపించేదాకా మందు జోలికి పోవద్దని, ముందే కొడితే డబ్బు దండగని అంటున్నారు. దుకాణంవారేమో వారం తప్పినందువల్లే తెగులు వచ్చిందంటున్నారు. మొక్కలు నాటి పన్నెండు రోజులైంది. ఎవరి మాట వినాలో అనుభవమున్నవారు కారణాలతో సహా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ముళబాగిలు వైపు తెలుగు రైతు:
నేను వారం లెక్క పాటించేవాణ్ణి, అందుకు సిగ్గుపడను. మాంకోజెబ్ వంటి మందు ఆకు మీద పొరలా నిలిచి, పైన పడిన తెగులు బీజం మొలకెత్తకుండా అడ్డుకుంటుందే తప్ప ఆకు లోపలికి వెళ్లిన తెగులును ఏమీ చేయలేదు. కాబట్టి మచ్చ కనిపించాక దాన్ని కొట్టడమంటే దొంగ ఇంట్లో దూరాక తలుపు గడియ పెట్టడమే. పైగా బ్రోకలీ, టమాటా వంటిది కాదు. టమాటాలో ఒక కోత పాడైతే ఇంకో కోత ఉంటుంది. ఇక్కడ మొక్కకు ఒకటే ప్రధానమైన పువ్వు, దాని మీద వేలెడంత మచ్చ ఉన్నా బెంగళూరు వ్యాపారి బుట్ట వెనక్కి తోసేస్తాడు. అరవై, డెబ్బై రోజుల పంటలో వేచి చూడడానికి సమయం ఎక్కడుంది? మందు కొట్టే మనుషులు దొరికే రోజు వేరు, మంచు పడే రోజు వేరు. అందుకే వారానికి ఒక రోజు ఖాయం చేసుకోవడం తప్ప మావంటివారికి గత్యంతరం లేదు.

మొక్కల తెగుళ్ల విద్యార్థిని:
ఇద్దరు పెద్దలూ ఎప్పుడు కొట్టాలన్న దగ్గరే ఆగారు. ఏది కొడుతున్నామన్నది అంతకంటే ముందు తేలవలసిన విషయమని నా అభిప్రాయం. పలమనేరు రైతుగారు వర్ణించినది బూజు తెగులు. దీన్ని మనం శిలీంధ్రమని వాడుకగా అంటాం గాని, ఇది నిజమైన శిలీంధ్రం కాదు. దీని కణకవచంలో ప్రధానంగా ఉండేది శిలీంధ్రాలలోని కైటిన్ కాదు, సెల్యులోజ్ వంటి పదార్థాలు. వంశవృక్షంలో ఇది పుట్టగొడుగులకంటే నాచుజాతుల్లో కొన్నింటికి దగ్గర. బంగాళాదుంపకు వచ్చే ఆకుమాడు తెగులు, నారుమడిలో మొలకలను పడగొట్టే పిథియం, ఇవన్నీ ఈ కోవకు చెందినవే. కార్బెండజిమ్ నిజమైన శిలీంధ్రాల కణ విభజనను ఆపే మందు, ఈ జాతిపై అది పనిచేయదు. అంటే నిరుడు చాలా వారాలు మీరు బూజు తెగులుకు సంబంధించినంతవరకు నీళ్లు చల్లినట్లే. వారం తప్పడం కారణం కాదు.

అయితే ముళబాగిలు రైతుగారు మాంకోజెబ్ గురించి చెప్పిన మాట నిజం. నేను విభేదించేది వారం లెక్కతోనే. ఈ తెగులు చల్లని రాత్రుల్లో, ఆకు తడిగా ఉన్న వేళల్లో బీజాలు పుట్టిస్తుంది. రాత్రి ఉష్ణోగ్రత 10 నుంచి 16 డిగ్రీల మధ్య ఉండి ఉదయం మంచు ఆలస్యంగా ఆరే రోజులే దీనికి పండగ. అనుకూలిస్తే 4, 5 రోజుల్లోనే కొత్త తరం తయారవుతుంది. అటువంటప్పుడు వారం లెక్క కూడా చాలదు. ఎండ కాసే పొడి వారాల్లో అదే లెక్క అనవసరం. క్యాలెండర్ రెండు వైపులా తప్పుతుంది.

అనుమానం తీర్చుకోవడానికి ఖర్చులేని ఉపాయం ఒకటుంది. మచ్చ ఉన్న ఆకును తడిపిన కాగితంతో పాటు మూత ఉన్న డబ్బాలో రాత్రంతా చల్లని చోట ఉంచండి. ఉదయానికి అడుగున తెల్లటి బూజు లేస్తే అది బూజు తెగులు. మచ్చ గుండ్రంగా, ఒకదానిలో ఒకటి వలయాలుగా ఉండి నల్లటి పొడి కనిపిస్తే ఆల్టర్నేరియా. అది నిజమైన శిలీంధ్రం, కొంచెం వెచ్చదనం, తడి కోరుతుంది.

ముళబాగిలు వైపు తెలుగు రైతు:
కార్బెండజిమ్ విషయం ఒప్పుకుంటున్నాను. నేనూ దాన్ని మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందుకు మార్చిన తరువాతే ఫలితం చూశాను, ఎందుకో ఇప్పుడు అర్థమైంది. కానీ డబ్బాలో ఆకు పెట్టి తెల్లారేదాకా ఎదురుచూడమనడం పరిశోధనాలయంలో బాగుంటుంది. నాకు మూడెకరాలు. మెటలాక్సిల్ ఆకు లోపలికి వెళ్లి పనిచేస్తుంది కనుక, దాన్నే వారం వారం కొడితే ఆ మంచు లెక్కలతో పనేముంది?

మొక్కల తెగుళ్ల విద్యార్థిని:
సరిగ్గా ఆ అలవాటే మందును చంపుతుందండీ. మెటలాక్సిల్ 1977లో మార్కెట్లోకి వచ్చింది. 1980 నాటికే ఐర్లండులో బంగాళాదుంప ఆకుమాడు తెగులులో దాన్ని తట్టుకునే రకాలు విజృంభించి రైతులు నష్టపోయారు. తెగులు కణంలో ఒకే చోట దెబ్బతీసే మందు కాబట్టి తెగులు చిన్న మార్పుతోనే తప్పించుకుంటుంది. మాంకోజెబ్ అనేక చోట్ల దెబ్బతీస్తుంది గనుక దానికి ఆ బెడద తక్కువ, ఆ రెంటినీ కలిపి అమ్మడంలో ఉద్దేశం అదే. పంటకాలంలో ఒకటి రెండుసార్లకు మించకుండా, అదీ మంచు వారాలకు దాచుకొని, తరువాతిసారి డైమెథోమార్ఫ్ వంటి వేరే తరహా మందుకు మారడం మంచిది.

చేవెళ్ల కూరగాయల రైతు:
మీ ఇద్దరి వాదనా మందు డబ్బా చుట్టూనే తిరుగుతోంది. నేను పూర్తి సేంద్రియం కాదు, అవసరమైతే కొడతాను. కానీ ఒక మాట గుర్తుంచుకోవాలి. బ్రోకలీలో మనం తినేది విచ్చని మొగ్గల గుత్తి. క్యాబేజీకయితే పై ఆకులు తీసేస్తాం. ఇక్కడ తొక్క తీయడానికి ఏమీ లేదు, మొగ్గల సందుల్లో చేరిన మందు వంటింటిదాకా వెళుతుంది. యూరోపియన్ యూనియన్ 2020 డిసెంబరులో మాంకోజెబ్ అనుమతిని పొడిగించరాదని నిర్ణయించింది. అదే ఏడాది మే నెలలో మన కేంద్ర ప్రభుత్వం నిషేధానికి ప్రతిపాదించిన 27 మందుల ముసాయిదాలో మాంకోజెబ్, కార్బెండజిమ్ రెండూ ఉన్నాయి. ముసాయిదా నిషేధం కాదని నాకు తెలుసు. అయినా పువ్వు కట్టిన తరువాత కూడా వారం లెక్క నడిపేవారు ఎవరి పిల్లలకు పెడుతున్నారో ఆలోచించాలి.

ఇంకొకటి, ఎవరూ ప్రస్తావించని జిగురు మందు. బ్రోకలీ ఆకు మీద మైనపు పూత ఉండడం వల్ల నీళ్లు ముత్యాల్లా జారిపోతాయి, అందుకని దుకాణంలో ప్రతి మందుకూ జిగురు మందు జత చేసి ఇస్తారు. ఆకుల మీద అది అవసరమే. పువ్వు కట్టాక మాత్రం అదే జిగురు మొగ్గల మైనాన్ని చెరిపి నీటిని లోపల నిలబెడుతుంది, దానితో బాక్టీరియా వల్ల పువ్వు కుళ్లిపోతుంది. నేను ఒక ఏడాది ఈ పొరపాటే చేసి, కుళ్లు పెరిగిన కొద్దీ ఇంకా మందు కొట్టి, ఇంకా కుళ్లు పెంచుకున్నాను. నత్రజని ఎక్కువైనా కుళ్లు పెరుగుతుంది. అప్పటి నుంచి పువ్వు గుమ్మటంలా ఉబ్బెత్తుగా ఉండే రకాన్నే ఎంచుకుంటున్నాను, నీరు నిలవదు. స్ప్రింక్లర్లు తీసేసి డ్రిప్ పెట్టాను. వరుసల మధ్య గాలి ఆడేలా దూరం పెంచాను. మందు కొట్టడం మానలేదు, సగానికి తగ్గింది.

కుప్పం యువరైతు:
ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రాన్ని కొడితే ఈ గొడవంతా ఉండదని మా వాట్సాప్ బృందంలో అంటున్నారు. నిజమేనా?

మొక్కల తెగుళ్ల విద్యార్థిని:
నారుమడిలో, ట్రేలలోని కొబ్బరి పొట్టులో నారుకుళ్లు రాకుండా అది ఉపయోగపడుతుంది. మట్టిలో దాని పని వేరు, మంచుకు తడిసిన ఆకు మీద బూజు తెగులును ఆపడం వేరు. రెండోదానికి దాన్ని నమ్ముకోవద్దు. చేవెళ్ల రైతుగారు చెప్పిన జిగురు మందు సంగతి చాలా విలువైనది, నేను రాయవలసింది రాయలేదు.

ముళబాగిలు వైపు తెలుగు రైతు:
పువ్వు కట్టాక ఆపాలన్న మాట నాకూ సమ్మతమే, నేను ఆపుతాను కూడా. నా వారం లెక్క మొదటి నలభై రోజులకే. డ్రిప్, ఎడం, రకం అన్నీ బాగున్నాయి గాని, ఎడం పెంచితే ఎకరాకు మొక్కలు తగ్గుతాయి. ఆ తగ్గుదల ఎంతో, మందు ఖర్చు ఎంతో పక్కపక్కన వేసి చూపిస్తే నేనూ మారతాను.

చేవెళ్ల కూరగాయల రైతు:
లెక్క రాసి పెట్టుకోలేదండీ, అది నా తప్పే. ఈ ఏడాది రాస్తాను.

పలమనేరు రైతు:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం ఆరు ఆకులు తెచ్చి డబ్బాలో పెట్టాను. ఈ ఉదయం నాలుగింటి అడుగున తెల్లటి బూజు లేచింది. ఒకదాని మీద వలయాల మచ్చ ఉంది. ఆరోదానికి బూజూ లేదు, వలయాలూ లేవు. అంచు నుంచి లోపలికి కోణంలా పసుపు రంగు పాకి, ఈనెలు నల్లబడ్డాయి.

మొక్కల తెగుళ్ల విద్యార్థిని:
ఆరోది నల్లకుళ్లు, అంటే బాక్టీరియా. మనం ఇంతసేపు వాదించుకున్న శిలీంధ్రనాశినుల్లో ఏదీ దానికి పనిచేయదు. అది తరచుగా విత్తనంతోనే వస్తుంది. విత్తనాన్ని 50 డిగ్రీల వేడి నీటిలో 20 నిమిషాలు ఉంచి, ఆరబెట్టి వేయడం దానికి పాత విరుగుడు. ఇప్పుడు ఆ మొక్కను వేళ్లతో సహా తీసి పొలం బయట కాల్చండి, ఆకులు తడిగా ఉన్నప్పుడు చేలో తిరగకండి. మిగతా వాటికి మంచు పడకముందే మాంకోజెబ్ కలిసిన మందు ఒకసారి కొట్టవచ్చు, మచ్చలు ఇప్పటికే ఉన్నాయి కనుక లోపలికి వెళ్లే మందు దానిలో ఉండాలి. నారు ఎక్కడ కొన్నారు? అదే నర్సరీ నారు వేసిన ఇరుగుపొరుగు చేలల్లో కూడా ఇటువంటి ఆకులున్నాయేమో చూడండి.

పలమనేరు రైతు:
పక్క పొలం పెద్దాయనా, నేనూ ఒకే బండిలో నారు తెచ్చుకున్నాం. ఆయన చేలోకి ఇప్పుడే వెళుతున్నాను.