ప్రేమ విందు తర్వాత గిన్నెలు ఎవరు కడగాలి?

ప్రశ్న (తిరుపతి నుండి ఒక సంఘ సభ్యుడు):
అందరికీ ప్రభువు నామంలో వందనాలు. మా సంఘంలో నెలకొకసారి ఆరాధన తర్వాత ప్రేమ విందు, అంటే సంఘమంతా కలిసి చేసే భోజనం, ఉంటుంది. వండేదీ, వడ్డించేదీ, చివరికి గిన్నెలు తోమేదీ ఎప్పుడూ స్త్రీల సమాజంలోని ఆ నలుగురైదుగురే. కృతజ్ఞతలు చెప్పేటప్పుడు మాత్రం వాక్యం చెప్పినవారి పేర్లు, పాటలు నడిపించినవారి పేర్లే వినిపిస్తాయి. కూలి ఇచ్చి మనుషులను పెట్టుకుందామని కమిటీలో కొందరు, వంతులు వేద్దామని మరికొందరు అంటున్నారు. వాక్యానుసారంగా ఏది సరైనదో దయచేసి చెప్పండి.

జవాబు 1 (చిత్తూరు):
అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం చూడండి. యెరూషలేము సంఘంలో రోజూ జరిగే పంపకంలో గ్రీకు భాష మాట్లాడే యూదుల విధవరాండ్రను పట్టించుకోవడం లేదని సణుగు పుట్టినప్పుడు, అపొస్తలులు దానిని కొట్టిపారేయకుండా, ఆ పని చూడడానికి ఆత్మతోను జ్ఞానంతోను నిండి మంచిపేరు పొందిన ఏడుగురిని ఏర్పరచుకోమన్నారు. భోజనపు బల్లల దగ్గర పనికి అంత అర్హత అడిగారు! హతసాక్షి అయిన స్తెఫను ఆ ఏడుగురిలో ఒకడు. కనుక వంతులే వేయండి, మొదటి వంతులో సంఘ పెద్దల పేర్లు రాయండి. (జాబితా గోడకెక్కిన నెలకే పెద్దల పేర్లు మాయమవుతుంటాయి, అది వేరే సంగతి.)

జవాబు 2 (చిత్తూరు):
కూలికి పెట్టుకోవడం తప్పు కాదు, న్యాయమైన కూలి ఇస్తే చాలు. అయితే ఆ పని మన స్థాయికి తగదనే భావంతో పెట్టుకుంటే మాత్రం యోహాను 13వ అధ్యాయంలో ప్రభువు శిష్యుల పాదాలు కడిగిన సంగతికి మనం జవాబు చెప్పుకోవాలి. పొరుగున వేలూరులో మిషనరీ వైద్యురాలు ఐడా స్కడర్ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యసేవలో, రోగి ఒళ్లు తుడిచి పక్క మార్చే పనిని కూడా నేర్చుకోదగిన విద్యగా ఎంచి నర్సులకు శిక్షణ ఇచ్చారు.

జవాబు 3 (తిరుపతి, ఒక సహోదరి):
అన్నా, మరో సంఘంలో ఆ పొయ్యిల దగ్గర ఉండేదాన్ని నేను. గిన్నెలు మాకు బరువు కాదు. వాక్యం మొదలయ్యే వేళకే అన్నం దించాలని బయటికి రావలసి వస్తుంది. ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకొనే ఆచరణ) వేళకు కొంగుతో చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్తాము. లూకా 10వ అధ్యాయంలో యేసును ఇంట చేర్చుకొని, సహోదరి మరియ వాక్యం వింటుంటే తాను పనులతో సతమతమైన మార్త విషయంలో ప్రభువు ఆమె వంటను తప్పుపట్టలేదు, ఆమె తొందరను, విచారాన్ని ఎత్తి చూపాడు. కూరగాయలు తరగడం శనివారం సాయంత్రమే యువకులు ముగించి, భోజనం ఒక గంట ఆలస్యంగా పెడితే మేమూ కూర్చొని వాక్యం వింటాము. వంతులా, కూలా అని మీ కమిటీ వాదిస్తున్నది కదా, ఆ కమిటీలో ఆ నలుగురిలో ఒక్కరైనా ఉన్నారా?