గిన్నెలు పక్కపక్కన పెట్టాలా, వేరువేరు గదుల్లోనా? ఒకటికి మించి కుక్కలున్న ఇళ్ళవారు చెప్పండి

నీలికిటికీ:
మా ఇంట్లో ఇప్పుడు మూడు కుక్కలు. చిట్టి 11 ఏళ్ళ ఆడకుక్క, బరువు 10 కిలోలు. దానికి మూత్రపిండాల జబ్బు ఉందని తేలి, డాక్టరు ప్రత్యేక ఆహారం రాసిచ్చారు. భీముడు 4 ఏళ్ళ మగకుక్క, 30 కిలోలు ఉంటుంది. కొత్తగా వచ్చింది మిణుగురు, 4 నెలల పిల్ల.

పిల్ల రాకముందు చిట్టి, భీముడు వంటగది గోడవారగా పక్కపక్కన తినేవి. ఏ గొడవా ఉండేది కాదు. ఇప్పుడు చిట్టి సగం తిని గిన్నె వదిలి వెళ్ళిపోతోంది, మిగిలినది పిల్ల నాకేస్తోంది. ఇంట్లో మాకు రెండు అభిప్రాయాలు. కలిసి తింటేనే కలిసి బతకడం వస్తుందని, తలుపులు వేసి తినిపిస్తే లేని వైరం మనమే పెట్టినట్టవుతుందని మా వారు అంటారు. నాకు మాత్రం వేరుగా పెట్టాలనే ఉంది. మీ అనుభవంతోపాటు దాని వెనక కారణం కూడా చెప్పండి. "మా ఇంట్లో బాగానే సాగుతోంది" అనే ఒక్క మాట నాకు చాలదు.

తూరుపుగాలి:
నేను మీ వారి వైపు. మా కుక్కలన్నీ ఎప్పటినుంచో ఒకే హాల్లో తింటాయి. కలిపి పెట్టడమంటే ఒకదాని మూతి ఒకదానికి తగిలేలా కాదు. మూడు మూలల్లో మూడు గిన్నెలు, ప్రతి కుక్కా గోడవైపు తిరిగి తింటుంది. గిన్నె కింద పెట్టే ముందు పేరు పిలుస్తాను. ఎవరి పేరు పిలిస్తే అదే ముందుకొస్తుంది, మిగతావి కూర్చునే ఉంటాయి. తింటున్నంతసేపూ నేను మధ్యలో నిలబడతాను, చేతిలో ఫోను ఉండదు. పావుగంట దాటితే తిన్నా తినకపోయినా గిన్నెలు తీసేస్తాను.

కారణం అడిగారు కాబట్టి చెబుతున్నాను. బతుకంతా తలుపుల వెనక గడవదు. చుట్టాలు వస్తారు, చిన్నపిల్లల చేతిలోంచి బిస్కెట్టు ముక్క జారిపడుతుంది. మరో కుక్క పక్కనుండగా తినడమే ఎరగని కుక్కలు ఆ ముక్క మీదికి ఒక్కసారిగా దూకుతాయి. తన వంతు తనకు వస్తుందన్న నమ్మకం కుక్కకు కలగాలంటే ఆ అలవాటు రోజూ అందరి మధ్యా జరగాలి. ఒంటరిగా గదిలో తిన్నది దాన్ని ఎప్పుడు నేర్చుకుంటుంది?

రెండోగది:
తూరుపుగాలి గారూ, మీరు మధ్యలో నిలబడుతున్నారు కాబట్టే అది సాగుతోంది. ఆ ఓపిక అన్ని ఇళ్ళలో ఉండదు, మీ ఇంట్లోనైనా అన్ని రోజులూ ఉండదు.

గొడవ లేకపోవడం వేరు, భయం లేకపోవడం వేరు. నీలికిటికీ గారూ, ఒక్క పూట గిన్నెల మీదినుంచి చూపు తీసి కుక్కల ఒంటిని చూడండి. పక్కన అలికిడి కాగానే ఏ కుక్క నమలడం ఆపుతోంది? తల గిన్నెలోనే ఉంచి మెడ బిగిస్తోందా? తల తిప్పకుండా కన్ను మాత్రమే పక్కకు తిప్పితే తెల్లగుడ్డు నెలవంకలా కనబడుతుంది. అది "నా దగ్గరికి రావద్దు" అని చెప్పడం. అవతలి కుక్క మూతి నాక్కుని, ముఖం పక్కకు తిప్పుకుని, మెల్లగా తప్పుకుంటుంది. మనకు ఇదంతా ప్రశాంతంగానే కనబడుతుంది. చిట్టి అలా తప్పుకుంటోందని నా అనుమానం.

ఇంకో మాట, ఎవరైనా గుర్రుమంటే తిట్టకండి. గుర్రుమనడం కుక్క ముందుగా ఇచ్చే హెచ్చరిక. దాన్ని అణిచేస్తే కోపం పోదు, హెచ్చరిక మాత్రమే పోతుంది. తరువాతిసారి నేరుగా పళ్ళే పడతాయి.

పాతకాపు:
గదుల సంగతి తరువాత చూడవచ్చు. ముందు ఎవరికి పెట్టాలన్నది తేల్చండి. కుక్కది గుంపు స్వభావం. తోడేళ్ళలో నాయకుడే ముందు తింటాడు. ఇంట్లో పెద్ద ఎవరో దానికి ముందు పెట్టి, మిగతావాటిని ఆగమంటే ఏ పేచీ ఉండదు. చిట్టి పెద్దది కాబట్టి దాని గిన్నె ముందు పెట్టండి, పిల్ల దానంతట అదే హద్దులో ఉంటుంది.

తూనికరాయి:
పాతకాపు గారూ, మీరు చెప్పినది చాలామంది నమ్మేదే, కానీ దాని పునాది గట్టిది కాదు. తోడేళ్ళలో పెత్తనం గురించిన ఆ ఊహకు మూలం రుడాల్ఫ్ షెంకెల్ 1947లో ప్రచురించిన పరిశీలన. ఆయన చూసినవి నిర్బంధంలో ఒకచోట ఉంచిన తోడేళ్ళు. ఆ ఊహ జనంలోకి పోవడానికి డేవిడ్ మెక్ 1970లో రాసిన పుస్తకం చాలావరకు కారణం. అడవిలో తోడేళ్ళ గుంపంటే సాధారణంగా తల్లీ తండ్రీ, వాటి పిల్లలూ ఉన్న కుటుంబమేనని, పెత్తనం కోసం కొట్లాడి పైకొచ్చిన నాయకుడి కథ దానికి సరిపడదని 1999లో రాసినదీ ఆయనే. పైగా మన కుక్కలు తోడేళ్ళూ కావు, మన ఇంట్లో చేరిన మూడూ ఒకే తల్లి బిడ్డలూ కావు.

రోజూ ఒకే వరసలో పెట్టడం మంచిదే. తరువాత ఏం జరుగుతుందో ముందే తెలిస్తే కుక్కలకు కంగారు తగ్గుతుంది. కానీ చిట్టికి గిన్నె ముందు పెట్టినంత మాత్రాన భీముడు దాని హద్దును కాపలా కాయడు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తున్నది గిన్నెల్లో ఏముందన్నది. మూత్రపిండాల జబ్బుకు రాసే ఆహారంలో భాస్వరం కావాలనే తగ్గిస్తారు. ఎదిగే పిల్లకు మాంసకృత్తులు, కాల్షియం, భాస్వరం దండిగా కావాలి. చిట్టి గిన్నె పిల్ల నాకితే పిల్లకు లోటు, పిల్ల గిన్నె చిట్టి నాకితే చిట్టికి హాని. వాటిలో ఏది ఎంత తిన్నదో తెలియకపోతే డాక్టరు రాసిన ఆహారానికి అర్థమే ఉండదు.

పరిమాణమూ అంతే. విశ్రాంతిలో ఉన్న కుక్కకు రోజుకు కావలసిన శక్తిని లెక్కగట్టడానికి పశువైద్యులు వాడే సూత్రం ఒకటుంది. కిలోల్లో బరువును 0.75 ఘాతానికి హెచ్చించి, వచ్చినదాన్ని 70తో గుణించాలి. 10 కిలోల కుక్కకు సుమారు 394 కిలోకెలోరీలు, 30 కిలోల కుక్కకు సుమారు 897. అంటే బరువు మూడింతలైనా అవసరం మూడింతలు కాదు, రెండుంపావు ఇంతలే. కంటి అంచనాతో భీముడికి మూడు చిట్టిల తిండి పెట్టేవాళ్ళు దాన్ని లావెక్కిస్తున్నట్టే. పిల్లకు దాని బరువును బట్టి వచ్చే అంకెకు రెండు నుంచి మూడింతలు కావాలి. కప్పుతో కొలిస్తే చెయ్యి తప్పుతుంది, కాటాలో తూచండి.

ఇది చిన్న విషయమని ఎవరైనా అనుకుంటే 2002లో ప్రచురితమైన ఒక అధ్యయనం చూడాలి. 48 లాబ్రడార్లను ఒకే ఈతలోని జంటలుగా విడదీసి, ప్రతి జంటలో ఒకదానికి రెండోదాని కన్నా 25 శాతం తక్కువ తిండి పెట్టారు. తక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుష్షు 13 ఏళ్ళు, ఎక్కువ తిన్నవాటిది 11.2 ఏళ్ళు. పక్కదాని గిన్నె రోజూ నాకే కుక్కకు మనం పెడుతున్నది ఈ ఎక్కువ తిండే.

నీలికిటికీ:
నిన్న సాయంత్రం రెండోగది గారు చెప్పినట్టు కుక్కల ఒంటినే చూశాను. పిల్ల వల్లనే ఇదంతా అనుకుంటూ వచ్చాం, కానీ పిల్ల అసలు చిట్టి దగ్గరికే పోలేదు. భీముడు తన గిన్నె ఖాళీ చేసి తలెత్తింది. అడుగు కదపలేదు, చిట్టి వైపు తిరిగి ఊరికే నిలబడింది. చిట్టి నోట్లో ఉన్న గింజను గిన్నెలోనే జారవిడిచి, గోడను రాసుకుంటూ బయటికి నడిచింది. ఆ తరువాతే పిల్ల వచ్చింది. ముందు భీముడు ఇలా నిలబడేది కాదు. పిల్ల వచ్చాక దానికీ తిండి మీద ఆత్రం పెరిగినట్టుంది.

రెండోగది:
ఇంట్లో ఇంకో నోరు చేరితే పాతవాటి లెక్కలు మారిపోతాయి. భీముడిని తప్పుపట్టకండి. తిండి తక్కువవుతుందేమోనన్న భయం దానిది. దాని ముందు గిన్నె లాగి "నేర్పించడం" మాత్రం ఎప్పుడూ చేయవద్దు. తింటున్న గిన్నెలో చెయ్యి పెట్టి అలవాటు చేయాలని చెప్పేవారు ఉంటారు. దానివల్ల కుక్క నేర్చుకునేది ఒక్కటే, మనిషి వస్తే తిండి పోతుందని. దగ్గరికి వెళ్ళినప్పుడు ఇంకొంచెం రుచిగల ముక్క గిన్నెలో వేసి వెనక్కి వచ్చేయండి. మీ రాక దానికి లాభంగా కనబడాలి.

తూనికరాయి:
చిట్టి విషయంలో తొందరపడి భయమే కారణమని తేల్చకండి. మూత్రపిండాల జబ్బులో వికారం, ఆకలి మందగించడం మామూలే. పళ్ళ నొప్పి ఉన్న ముసలి కుక్క కూడా గింజను నోట్లోంచి జారవిడుస్తుంది. ఈ రెండింటినీ విడదీసి చూపించేది తలుపు ఒక్కటే. కొన్ని పూటలు గదిలో, మీరు కూడా పక్కన లేకుండా పెట్టండి. గిన్నె ఖాళీ చేస్తే భీముడి చూపే కారణం. అక్కడా సగం వదిలేస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. కలిపి పెట్టినంతకాలం ఈ తేడా మీకు ఎప్పటికీ తెలియదు. నేను వేరు గదుల పక్షాన ఉండడానికి పోట్లాటల కన్నా పెద్ద కారణం ఇదే. కుక్కకు ఒంట్లో బాగాలేదని ముందుగా చెప్పేది చాలాసార్లు దాని గిన్నే.

నీళ్ళ విషయంలోనూ ఇదే ఇబ్బంది. ఆరోగ్యంగా ఉన్న కుక్క రోజుకు కిలో బరువుకు సుమారు 50, 60 మిల్లీలీటర్లు తాగుతుంది, 100 దాటితే ఆరా తీయాలి. మూడు కుక్కలూ ఒకే తొట్టిలో తాగుతుంటే చిట్టి ఎంత తాగిందో చెప్పలేరు. అలాగని నీళ్ళు మాత్రం ఎప్పుడూ ఆపకూడదు, ముఖ్యంగా దానికి. రెండు మూడు చోట్ల పెట్టండి. చిట్టి పడుకునే గదిలోని గిన్నెలో మాత్రం కొలిచి పోయండి.

ఒకేకప్పు:
గదులు, గదులు అంటున్నారు. మాది ఒకటే గది. రెండు కుక్కలు, ఇద్దరు మనుషులు. మాలాంటివాళ్ళు ఏం చేయాలో కూడా చెప్పండి. మేం చేసేది ఇది. చిన్నదాన్ని క్రేట్‌లో పెట్టి, పెద్దది కనబడకుండా మీద దుప్పటి కప్పి, అందులోనే తినిపిస్తాం. పెద్దది గదికి అవతలి చివర పట్టీతో కట్టి ఉంటుంది. క్రేట్ తలుపు తీసేది రెండు గిన్నెలూ కడిగి పైన పెట్టాకే. ఈ ఆఖరి పని ముఖ్యమని మాకు అనిపిస్తుంది. గిన్నెలు నేల మీదే ఉండగా వదిలితే రెండూ ఒకదాని గిన్నె ఒకటి చూసి రావడానికి పరుగెత్తుతాయి.

తూరుపుగాలి:
తూనికరాయి గారి మాట ఒప్పుకుంటున్నాను. జబ్బు ఆహారం తినే కుక్కకు వేరు గది తప్పదు. కానీ ఆ కారణం చిట్టికే వర్తిస్తుంది, మూడింటికీ కాదు. భీముడు, మిణుగురు ఆరోగ్యంగా ఉన్నాయి. వాటిని కూడా జీవితాంతం విడదీయాలంటే నేను ఒప్పుకోను. పిల్ల వయసు 4 నెలలు, పక్కవారి గిన్నె పక్కవారిదని నేర్పడానికి ఇంతకన్నా మంచి సమయం ఉండదు. మధ్యలో పిల్లలకు వాడే అడ్డగేటు పెట్టండి, ఒకదానికొకటి కనబడుతూనే అందకుండా ఉంటాయి. రెండూ ఒళ్ళు వదులుగా, తోక మామూలుగా ఉంచి తింటున్నాయని తేలాక మెల్లగా దూరం తగ్గించండి.

రెండోగది:
అడ్డగేటు వరకు ఒప్పుకుంటాను. దూరం తగ్గించడం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పక్కపక్కన తింటే కుక్కకు కలిగే లాభం ఏమిటి? చూడ్డానికి ముచ్చటగా ఉంటుందన్నది మన లాభం. కలిసి నడకకు వెళ్ళడం, కలిసి పడుకోవడం, ఆడుకోవడం, వాటి స్నేహానికి ఇవి చాలు. జారిపడిన బిస్కెట్టు సంగతి అన్నారు. "వదిలెయ్" అంటే వదిలేయడం ఒక్కొక్కదానికీ విడిగా నేర్పవచ్చు, దానికి ముగ్గురి భోజనాలూ ఒకచోట జరగనక్కరలేదు.

ఒక్క ప్రమాదం ఎవరూ చెప్పలేదు. పక్కన పోటీ ఉంటే కుక్కలు మింగేస్తాయి, నమలవు. ఛాతీ లోతుగా ఉండే పెద్ద కుక్కలకు కడుపు ఉబ్బి మెలిపడే జబ్బు వస్తుంది. ఆబగా తినడం, రోజు తిండంతా ఒకే పూట పెట్టడం ఆ ముప్పును పెంచుతాయి. పొట్ట బిగిసి, వాంతి రాకుండా ఒట్టిగా ఓకరిస్తుంటే అది గంటల్లో ప్రాణం తీస్తుంది, రాత్రయినా ఆగకూడదు. భీముడికి రెండు పూటలు, ఒంటరిగా, గతుకుల గిన్నెలో పెట్టండి.

ఇంకొకటి, గిన్నెల కన్నా నమిలే ఎముకలు, బొమ్మలు ఎక్కువ తగాదాలు తెస్తాయి. గిన్నె నాలుగు నిమిషాల్లో అయిపోతుంది, ఎముక గంటసేపు ఉంటుంది. అవి మాత్రం ఎవరి పక్షం వారైనా తలుపు వేసే ఇవ్వండి.

తూరుపుగాలి:
ఎముకల విషయంలో మన మధ్య తేడా లేదు. గిన్నెల విషయంలో నా మాట మీద నేను ఉన్నాను. ఎదురుగా వేరొకరు తింటున్నా స్థిమితంగా కూర్చోగలిగిన కుక్కకు బతుకు సులువవుతుంది, అది ముచ్చట కోసం కాదు.

నీలికిటికీ:
మా వారితో కలిసి ఇదంతా చదివాను. చిట్టికి ఈ రోజునుంచే పడకగది, తలుపు వేసి. భీముడు, మిణుగురు మధ్య అడ్డగేటు. దూరం తగ్గించే సంగతి పిల్ల పెద్దయ్యాక చూద్దామన్నారు, నేను మాట ఇవ్వలేదు. పిల్లకు మధ్యాహ్నం మూడో పూట కూడా ఉంది. ఆ సమయంలో మిగతా రెండింటినీ ఏం చేయాలి? చిట్టి బరువు ఇంట్లో చూడడం ఎలా?

తూనికరాయి:
మధ్యాహ్నం పిల్లనే క్రేట్‌లో పెట్టండి, పెద్దవాటిని కదిలించకండి. వాటికి ఏదైనా ఇవ్వాలనిపిస్తే వాటి ఉదయం వాటాలోంచే కొన్ని గింజలు తీసి ఉంచి ఇవ్వండి, అదనంగా వద్దు. చిట్టికైతే దాని ఆహారంలోంచే. బరువుకు మీరు కాటా ఎక్కి అంకె రాసుకోండి, తరువాత చిట్టిని ఎత్తుకుని ఎక్కండి, తేడా దానిది. రెండు వారాలకొకసారి, ఉదయం తిండికి ముందు చూడండి. మందు బిళ్ళ తిండిలో కలుపుతున్నట్లయితే, చిట్టి దాన్ని మింగేవరకు ఆ గది తలుపు తీయకండి.