పిస్టల్ మార్చాలా, ఇంకా సాధన చేయాలా? 550 దగ్గర ఆగిపోయాను

పదోవలయం:
హైదరాబాద్‌లో మూడేళ్లుగా పది మీటర్ల ఎయిర్ పిస్టల్ సాధన చేస్తున్నాను. ఎనిమిది నెలలుగా నా స్కోరు 600కు 545, 552 మధ్యే తిరుగుతోంది. నాది ఒకరు వాడి అమ్మిన స్టేయర్ ఎల్‌పీ 10 పిస్టల్. పక్క లేన్లలో చాలామంది చేతుల్లో మొరీనీ కంపెనీ కొత్త పిస్టళ్లున్నాయి. అది కొనాలంటే రెండు లక్షలు దాటుతుందన్నారు. నాన్న చీటీ పాడతానంటున్నారు. ఆయన్ని అడగడానికి మనసు ఒప్పడం లేదు. అడగకపోతే ఇక్కడే ఉండిపోతానేమోనని భయం. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

రేంజినాన్న:
మార్చు తమ్ముడూ. పాత వస్తువు ఎప్పుడు మొండికేస్తుందో తెలియదు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో మను భాకర్ పిస్టల్ పోటీ మధ్యలో మొరాయించింది. బాగుచేయించుకునేసరికి విలువైన సమయం పోయింది. 575తో పన్నెండో స్థానం. రెండు పాయింట్ల తేడాతో ఫైనల్ చేజారింది. మా అబ్బాయికి కొత్తది కొన్న రెండు నెలల్లో పది పాయింట్లు పెరిగాయి.

పాతచేయి:
రేంజినాన్న గారూ, టోక్యోలో విరిగింది ఒక భాగం, గురి కాదు. ఆ ఉదాహరణ పిస్టల్‌ను జాగ్రత్తగా చూసుకోవాలనీ, మరొకటి సిద్ధంగా ఉంచుకోవాలనీ చెబుతుంది. కొత్తది కొంటే స్కోరు పెరుగుతుందని చెప్పదు.

తమ్ముడూ, ఒక లెక్క చూడు. లక్ష్యం కార్డు మధ్యలో పది పాయింట్లిచ్చే వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. నీ పిస్టల్ మీద గురి చూసే ముందు సైటుకూ (మొన) వెనుక సైటుకూ (గాడి) మధ్య దూరం సుమారు 35 సెంటీమీటర్లు. వెనుక సైటు గాడిలో ముందు సైటు అర మిల్లీమీటరు పక్కకు జరిగితే పది మీటర్ల దూరంలో దెబ్బ సుమారు 14 మిల్లీమీటర్లు తప్పుతుంది. పది కాస్తా తొమ్మిదవుతుంది. ఒక మిల్లీమీటరు జరిగితే ఏడు. అదే రెండు సైట్లూ సరిగ్గా కుదిరి ఉండి, చేయి మొత్తంగా అర మిల్లీమీటరు ఊగితే, దెబ్బ కూడా ఆ అర మిల్లీమీటరే తప్పుతుంది. అందుకే చేయి వణుకుతోందని దిగులుపడకు. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో సైట్లు ఎక్కడున్నాయో చూడు. రెండు లక్షలు పెట్టి కొన్నా ట్రిగ్గర్ నొక్కే వేలు నీదే కదా!

ముందు పిస్టల్‌ను పరీక్షించు. బెంచి మీద ఇసుక సంచికి ఆనించి ఒకే కార్డుపై ఐదు పెల్లెట్లు (సీసపు గుళ్లు) కాల్చు. చిల్లు ఒకటే పడితే దాని తప్పు లేనట్టే. చెదిరితే వేరే పెల్లెట్లతో చూడు, తలభాగం 4.49, 4.50 మిల్లీమీటర్లు అని రకరకాలుగా దొరుకుతాయి. అప్పటికీ చెదిరితే మార్చే మాట ఆలోచిద్దాం. తర్వాత నల్లచుక్క లేని తెల్ల కార్డు పెట్టి నిలబడి పది కాల్చు. అప్పుడు కంటికి సైట్లు తప్ప మరేమీ కనిపించవు.

అమ్మలేన్:
నేను ఇద్దరి మాటలూ పూర్తిగా ఒప్పుకోను. మా పాప చేయి చిన్నది. పిడి పెద్దది కావడంతో రోజూ కొత్త చోట పట్టుకునేది. ఏడాది సాధన దానికే పోయింది. పిస్టల్ అదే ఉంచి, పిడి ఒక్కటి చిన్న కొలతది వేయించి, పుట్టీతో సరిచేశాం. పట్టు కుదరకుండా ఎంత సాధన చేసినా తప్పే అలవాటవుతుంది.

రేంజినాన్న:
పాతచేయి గారూ, మా అబ్బాయి పాత పిస్టల్‌కు ఆ పరీక్ష మేం చేయలేదు, నిజమే. అయినా ఒక్క మాట. పిస్టల్‌కు గాలి నింపే సిలిండర్ తయారై పదేళ్లు దాటితే దాన్ని పోటీకి వాడనివ్వరు. వాడినది కొన్నవాళ్లు దాని మీది తేదీ తప్పకుండా చూసుకోవాలి.

పదోవలయం:
సిలిండర్‌కు ఇంకా నాలుగేళ్లుంది. నిన్న కోచ్ గారి ఎదుటే పరీక్ష చేశాను. ఐదు పెల్లెట్లకూ పడిన చిల్లు నా చిటికెన వేలి గోరు కింద దాగింది. నిలబడి తెల్ల కార్డుపై కాల్చిన పదింటిలో ఆరు దెబ్బలు గడియారంలో ఏడు గంటల దిక్కున, ఎడమకు దిగువన పడ్డాయి. నొక్కే క్షణంలో ముందు సైటు గాడిలో కిందికి జారడం మొదటిసారి నా కంటితో చూశాను. ఈ నెల చీటీ పాడొద్దని నాన్నకు చెప్పాను. పిడి మాత్రం నాకూ వదులే, బొటనవేలి కింద సందుంది. మీరు ఏ పుట్టీ వాడారు అక్కా?

అమ్మలేన్:
చెక్కకు వాడే రెండు భాగాల ఎపాక్సీ పుట్టీ తమ్ముడూ. చేతికి పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టుకుని, అది గట్టిపడేలోపు నీ భంగిమలో నిలబడి పట్టుకో. మర్నాడు ఉప్పుకాగితంతో కొద్దికొద్దిగా రుద్దు. పోటీకి వెళ్లేముందు, పిస్టల్ పరిమాణం సరిచూసే కొలత పెట్టెలో అది పడుతుందో లేదో చూసుకో.