నాన్నగారికి వేడి తెలియడం లేదు

ప్రశ్న: మా నాన్నగారికి ఇరవై ఏళ్లుగా మధుమేహం. మొన్న రాత్రి పాదాలు చల్లబడ్డాయని వేడినీళ్ల సంచి పెట్టుకుని పడుకున్నారు. పొద్దున చూస్తే మడమ మీద బొటనవేలంత బొబ్బ! నొప్పే తెలియలేదంటారు. డాక్టరు కట్టు కట్టారు. ఇంట్లో అప్పుడే నడక నేర్చిన మనవడు కూడా ఉన్నాడు. ఇంకేం చూసుకోవాలి?

జవాబు 1: మధుమేహంతో నరాలు మొద్దుబారితే పాదాలకు వేడి తెలియదు. ఆ సంచిని తీసేయండి, మేజోళ్లు చాలు. స్నానం నీళ్ల వేడిని మరొకరు మోచేతితో చూడాలి. 60 డిగ్రీల నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్నే ఐదారు సెకన్లలో తీవ్రంగా కాలుస్తాయి. పసివాళ్ల చర్మం ఇంకా పలచన.

జవాబు 2: మనవడి సంగతి నేను చెబుతాను. మా పాప బల్ల మీది గుడ్డ పట్టుకుని లేచి నిలబడబోయింది. గుడ్డతోపాటు వేడి కాఫీ కప్పు కూడా జారి భుజం మీద పడింది. ఆ రోజే గుడ్డ తీసేశాను. గిన్నెల పిడులు గోడవైపు తిప్పి పెట్టండి.

జవాబు 3: ఎవరికైనా కాలితే వెంటనే 20 నిమిషాలు కుళాయి చన్నీళ్ల కింద ఉంచండి. ఐసు వద్దు. టూత్‌పేస్టు అసలే వద్దు (దీని మీద మా అత్తగారితో ఇప్పటికీ వాదనే).

ప్రశ్న అడిగినవారు: సంచి చెత్తబుట్టలోకి వెళ్లింది. నాన్నగారు అలిగి కూర్చున్నారు.